టోపీ నుండి తలపాగా దాకా: ఒక ఛాయాచిత్రం చరిత్ర

భగత్‌సింగ్‌ను కన్నులారా చూసినవారు నేడు లేరు. ఆయన బొమ్మను చూసి పోల్చుకోలేనివారు కూడా ఈ దేశంలో చాలా తక్కువ. కాస్త వాల్చి పెట్టిన హ్యాటు, కొనలు తిరిగిన సన్నని మీసం, సూటిగా చూసే కళ్లు: ఇంతమాత్రం నాలుగు గీతలలో గోడమీద గీస్తే చాలు, కింద పేరు రాయనవసరం లేకుండా బాటసారి గుర్తుపడతాడు. స్వాతంత్ర్యోద్యమ నాయకులలో గాంధీజీని మినహాయిస్తే ఇంతటి పరిచిత రూపం మరొకరికి లేదనవచ్చు. అయితే గాంధీజీ ఛాయాచిత్రాలు వేల సంఖ్యలో లభిస్తాయి. భగత్‌సింగ్‌వి ప్రామాణికమైనవిగా చరిత్రకారులు సాధారణంగా అంగీకరించేవి నాలుగే. వాటిలోనూ లోకమెరిగినది ఒక్కటే. 1929 నుండి ఆ ఒక్క ఛాయాచిత్రాన్నే ముద్రాపకులు, చిత్రకారులు, శిల్పులు, చలనచిత్ర నిర్మాతలు, చివరకు ప్రభుత్వాలు కూడా తమ తమ అవసరాల మేరకు దిద్దుకుంటూ వచ్చారు. రంగు పూశారు, కోటు తొడిగారు, శిరస్సును వేరుచేసి పళ్లెంలో పెట్టారు, హ్యాటు తీసి తలపాగా చుట్టారు.

ఆ చిత్రం పుట్టిన సందర్భాన్ని ముందుగా గుర్తుచేసుకోవాలి. 1928 సెప్టెంబరులో ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా శిథిలాలలో సమావేశమైన విప్లవకారులు తమ సంస్థ పేరులో ‘సోషలిస్టు’ అనే మాటను చేర్చి, దానిని హిందుస్థాన్ సోషలిస్టు రిపబ్లికన్ అసోసియేషన్‌గా మార్చారు. అజ్ఞాత జీవితానికి అడ్డువస్తాయని భగత్‌సింగ్ కేశాలను, గడ్డాన్ని తీయించుకున్నది ఆ కాలంలోనే. డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్ హత్య జరిగింది. లాలా లజపతిరాయ్‌పై పడిన లాఠీ దెబ్బలకు అది ప్రతీకారం. ఆ తరువాత నగరమంతటా కాపలాలు కట్టుదిట్టం కాగా, భగత్‌సింగ్ దొరల వేషంలో, ఓవర్‌కోటుతో, హ్యాటుతో రైలెక్కి లాహోరు దాటాడు. భార్యగా నటించినది సహచరుడు భగవతీచరణ్ వోహ్రా సతీమణి దుర్గాదేవి. ఆమె పసిబిడ్డ కూడా వెంట ఉన్నాడు. రాజగురు నౌకరు వేషం వేశాడు. పోలీసులు వెతుకుతున్నది తలపాగా, గడ్డం గల సిక్కు యువకుని కోసం. తరువాతి తరాలవారు వీరత్వానికి చిహ్నంగా ఎంచిన ఆ హ్యాటు మొదట ఒక మారువేషమన్న సంగతి ఈ కథలో అడుగడుగునా జ్ఞాపకం పెట్టుకోదగినది.

1929 ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో, ఎవరికీ ప్రాణహాని కలగని విధంగా బాంబులు విసిరి, కరపత్రాలు వెదజల్లి, పారిపోకుండా పట్టుబడాలని సంస్థ నిర్ణయించింది. అందుకు భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ నియుక్తులయ్యారు. పట్టుబడిన తరువాత వారి ముఖాలను దేశానికి పోలీసులు చూపించరాదు, సంస్థే చూపించాలి అన్న ఆలోచన సహచరులకు కలిగింది. సంకెళ్లతో, చెదిరిన జుట్టుతో తీసిన నేరస్థుల పటాలు ఎలా ఉంటాయో వారికి తెలియనిది కాదు. ఏప్రిల్ మొదటి రోజులలో జయదేవ్ కపూర్ ఏర్పాటుచేయగా, ఢిల్లీ కాశ్మీరీ గేటు వద్దనున్న రామ్‌నాథ్ స్టూడియోలో ఇద్దరికీ విడివిడిగా ఛాయాచిత్రాలు తీయించారు. చర్య ముగిసిన పిమ్మట వాటిని పత్రికలకు అందజేయాలన్నది పథకం.

ఈ దూరదృష్టి గురించి చరిత్ర గ్రంథాలలో తగినంతగా చెప్పలేదేమో అనిపిస్తుంది. బాంబు శబ్దం ఒక్క సభా మందిరానికే వినిపిస్తుంది. కరపత్రం చదువు వచ్చినవారికే అందుతుంది. ముఖం అందరికీ చేరుతుంది. ఇరవై రెండవ యేట ఉన్న యువకుడు తన మరణానికి ముందుగానే, తానెలా స్మరింపబడాలో నిర్ణయించుకుని దుకాణంలో కుర్చీమీద కూర్చున్నాడన్నమాట. ఆ ఛాయాచిత్రంలో కనిపించే తీక్ష్ణతకు పై భాగంలోని హ్యాటు నీడ ఎంత కారణమో, ఈ ఎరుక కూడా అంత కారణం కావచ్చు. విడిచిన కాలరుతో చొక్కా, భుజాల వరకే రూపం, వెనుక ఏ అలంకారమూ లేని తెర. తరువాత వచ్చిన వందలాది రూపాంతరాలలో ఈ నిరాడంబరత్వమే మొట్టమొదట మాయమయింది.

అదే నెలలో లాహోరు ‘వందేమాతరం’ పత్రికా, ఢిల్లీ ‘హిందుస్థాన్ టైమ్స్’ పత్రికా ఈ చిత్రాన్ని ప్రచురించాయి. నిజానికి తొలి దిద్దుబాటు అక్కడే మొదలయింది. ఆనాటి వార్తాపత్రికలో ఛాయాచిత్రం అచ్చుకావాలంటే దానిని సన్నని గీతల అద్దపు తెర గుండా మళ్లీ ఫోటో తీసి, చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టి, జింకు పలకమీదికి ఎక్కించి, ఆమ్లంతో తొలిచి బ్లాకు తయారుచేయాలి. నాసిరకపు కాగితం మీద ఆ చుక్కలు సిరాను పీల్చి అలుక్కుపోతాయి. వెలుగుకూ నీడకూ నడుమ ఉండే మధ్యచ్ఛాయలు పోతాయి. అందువల్ల బ్లాకు చేసేవారు ముందుగానే అసలు ప్రతిమీద కుంచె పట్టి, కళ్ల అంచులను, మీసపు గీతను, హ్యాటు అంచును నల్లగా దిద్ది, నేపథ్యాన్ని తెల్లగా నింపడం పరిపాటి. పత్రికలో అచ్చయిన బొమ్మను చూసి మరొక ముద్రాపకుడు మరొక బ్లాకు చేయించుకునేవాడు. ప్రతికి ప్రతి, దానికి మరొక ప్రతి. ఈ క్రమంలో ముఖంలోని లేతదనం కరిగిపోయి, హ్యాటు, మీసం, చూపు అనే మూడు గుర్తులు మిగిలాయి. యంత్రపు పరిమితే ఇక్కడ చిత్రకారుని పని చేసింది. ఆ బొమ్మ గోడమీద నాలుగు గీతలలో ఇమిడిపోవడానికి కారణం ఇదే.

1929 జూన్‌లో ఆరంభమైన జైలు నిరాహారదీక్ష, సెప్టెంబరు 13న అరవై మూడవ రోజున జతీంద్రనాథ్ దాస్ బలిదానం, లాహోరు కుట్ర కేసు విచారణ, 1931 మార్చి 23 సాయంకాలం భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవ్‌ల ఉరి: ఈ రెండేళ్లలో చిత్రపటానికి గిరాకీ నానాటికీ పెరిగింది. ఆయన ఛాయాచిత్రం ప్రతి నగరంలోనూ, పట్టణంలోనూ అమ్ముడుపోయిందనీ, కొంతకాలం గాంధీజీ పటంతో పోటీపడిందనీ భారత ప్రభుత్వ గూఢచారి శాఖ తన నివేదికలో రాసుకుంది. ప్రభుత్వం మాటే కాదు. ఆ రోజులలో భగత్‌సింగ్ పేరు గాంధీజీ పేరంతగా దేశమంతటా వ్యాపించిందని భోగరాజు పట్టాభి సీతారామయ్య కాంగ్రెసు చరిత్రలో అంగీకరించారు. బందరులో వైద్యవృత్తి చేసిన, గాంధీ మార్గం తప్పని ఆ నాయకుని కలం నుండి వచ్చిన మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

ఆ గిరాకీని తీర్చినవారిలో కాన్పూరు, లాహోరు నగరాల పటాల వర్తకులు ముఖ్యులు. వారికి దేవతల పటాల ముద్రణలో చేయి తిరిగి ఉంది. రాముడు, కృష్ణుడు, లక్ష్మి అమ్ముడుపోయే అంగడిలోనే భగత్‌సింగ్ కూడా అమ్ముడుపోయాడు. కాన్పూరు చౌక్‌లోని శ్యామ్‌సుందర్ లాల్ ప్రచురించిన పటాలు వీటిలో ప్రసిద్ధం. వాటి నిర్మాణ పద్ధతి గమనించదగినది. నడుమనో, పై మూలలోనో అండాకారపు చట్రంలో హ్యాటు ధరించిన ముఖం, చుట్టూ చేతితో గీసిన ఘట్టాలు: ఉరికంబం, జైలు గోడ, మేఘాల మీద భరతమాత. ముఖాన్ని మాత్రం ఛాయాచిత్రం నుండి వీలయినంత యథాతథంగా దింపేవారు. తక్కినదంతా కల్పన. మరికొన్నింటిలో తల ఛాయాచిత్రానిది, మొండెం చిత్రకారునిది. ఛాయాచిత్రంలో లేని కోటు, మెడపట్టీ అలా వచ్చి చేరినవే. కొనుగోలుదారు ముఖం దగ్గర సాక్ష్యాన్ని కోరాడు, తక్కినచోట పురాణాన్ని కోరాడు. వర్తకుడు రెండూ ఒకే కాగితం మీద అందించాడు.

ఈ వర్గంలో అన్నింటికన్నా సాహసోపేతమైనది రూప్ కిశోర్ కపూర్ చిత్రించిన పటం. భగత్‌సింగ్ తన శిరస్సును తానే ఖండించుకుని భరతమాతకు కానుకగా సమర్పించడం అందులోని వస్తువు. ఉరితీయబడిన మనిషిని శిరచ్ఛేదం పొందినవానిగా చూపడం చరిత్రకు విరుద్ధమే. కాని చూసినవారెవరూ దానిని అబద్ధమని అనుకొని ఉండరు. పంజాబులో బాబా దీప్‌సింగ్ తెగిన శిరస్సును అరచేత ధరించి పోరాడుతున్న బొమ్మ ఇంటింటా ఎరిగినదే. తెలుగువారికైతే శ్రీశైలంలోని వీరశిరోమండపం జ్ఞాపకం రావాలి. భక్తులు దైవానికి తమ అంగాలను, శిరస్సులను అర్పించుకునేందుకు రెడ్డిరాజు అనవేమారెడ్డి 1377 ప్రాంతంలో కట్టించిన మండపమది. తలను చేత పట్టుకున్న వీరుల శిలలు మన పల్లెల పొలిమేరలలోనూ కనిపిస్తాయి. కాన్పూరు చిత్రకారుడు కొత్తగా కల్పించినది చాలా తక్కువ. అతడు చేసినదల్లా కాశ్మీరీ గేటు స్టూడియోలో పుట్టిన ఒక ముఖాన్ని అతి ప్రాచీనమైన సమర్పణ రూపంలో అమర్చడం. ఛాయాచిత్రానికి జరిగిన రూపాంతరాలలో ఇంతటి సాహసం మరి దేనిలోనూ లేదు, ఇంతటి నిజాయితీ కూడా. తాను సాక్షినని ఆ పటం ఎక్కడా చెప్పుకోదు.

ప్రభుత్వం ఈ పటాలను పుస్తకాలతో, కరపత్రాలతో సమానంగానే పరిగణించి ఒకటొకటిగా నిషేధించింది, స్వాధీనం చేసుకుంది. 1931 అక్టోబరులో వచ్చిన పత్రికా అత్యవసరాధికారాల చట్టం ముద్రాపకుల మీద పట్టును మరింత బిగించింది. అయినా పటాన్ని దాచడం పుస్తకాన్ని దాచడంకన్నా తేలిక. దేవుని పటం వెనుక అట్టకూ అద్దానికీ నడుమ మరొక కాగితం పట్టడానికి చోటుంటుంది కదా.

స్వాతంత్ర్యానంతరం కథ మరొక దారి పట్టింది. నిషేధం తొలగింది, ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చింది, క్యాలెండరు బొమ్మలు వేసే చిత్రకారులు నూరు రంగులతో పనిచేయసాగారు. వారి చేతిలో భగత్‌సింగ్ బుగ్గలు నునుపెక్కాయి, మీసం ఒత్తుగా మెలిదిరిగింది, భుజాలు విశాలమయ్యాయి, చేతికి తుపాకీ వచ్చింది. 1965లో మనోజ్‌కుమార్ నటించిన ‘షహీద్’ చిత్రం, అందులోని వసంత వర్ణపు గీతం ఆ పటాల మీద తమ ముద్ర వేశాయి. కాలక్రమేణా హ్యాటు స్థానంలో పసుపు, కాషాయ రంగుల తలపాగా ఎక్కువగా కనిపించసాగింది. 2002లో ఒకే విడతగా వెలువడిన హిందీ చిత్రాలు నటుల ముఖాలను కూడా ఈ కలగలుపులో చేర్చాయి. నేడు అంగళ్లలో దొరికే కొన్ని పటాలలో ఉన్నది భగత్‌సింగో, ఆయన పాత్ర ధరించిన నటుడో తేల్చిచెప్పడం కష్టం.

తలపాగా గురించి ఒక మాట చెప్పక తప్పదు. అది పూర్తిగా కల్పితమనడం సరికాదు. లాహోరు నేషనల్ కాలేజీలో చదివే రోజులలో సహాధ్యాయులతో దిగిన సమూహ చిత్రంలో ఆయన తెల్లని తలపాగాతోనే ఉన్నాడు. 1927లో పోలీసుల అదుపులో ఉండగా నులకమంచం మీద కూర్చున్నప్పటి చిత్రంలో తలపాగా లేదు గాని, ముడివేసిన కేశాలు, గడ్డం స్పష్టంగా ఉన్నాయి. ఒకప్పుడు తాను కేశాలు పెంచేవాడినని, అయినా మత విశ్వాసం తనలో నిలవలేదని 1930లో లాహోరు జైలులో రాసిన నాస్తికత్వ వ్యాసంలో ఆయనే చెప్పుకున్నాడు. కాబట్టి తలపాగా ఉన్న భగత్‌సింగూ నిజమే, హ్యాటు ఉన్న భగత్‌సింగూ నిజమే. నిజం కానిది వారిద్దరినీ అతికించి చేసిన మూడవ మనిషి. తలపాగా పెట్టుకున్నప్పుడు ఆయనకు ఆ మెలిదిరిగిన మీసం లేదు. ఆ మీసం వచ్చేనాటికి తలమీద తలపాగా లేదు. నున్నగా గీసిన గడ్డం, కోర మీసం, రంగు తలపాగా మూడూ కలిసిన ముఖాన్ని ఏ కెమెరా ఏనాడూ చూడలేదు. 1929 నాటి ముఖానికి అంతకు అయిదేళ్ల నాటి శిరోవస్త్రాన్ని, అదీ తెలుపు మార్చి, తొడిగిన ఫలితమది.

ఇది కేవలం పటాల వర్తకుల విషయంగా ఉండిపోలేదు. శతజయంతి సందర్భం పురస్కరించుకుని 2008 ఆగస్టు 15న పార్లమెంటు ప్రాంగణంలో ఆవిష్కరించిన 18 అడుగుల కాంస్య విగ్రహం తలపాగాతోనే ఉంది. పోలిక కుదరలేదని, వయసు మించి కనిపిస్తున్నాడని కుటుంబ సభ్యులు, చరిత్ర పరిశోధకులు కొందరు ఆక్షేపించారు. ఏ భవనంలో జరపబోయే చర్య కోసం ఆయన హ్యాటుతో ఛాయాచిత్రం తీయించుకున్నాడో, ఆ భవనపు ఆవరణలోనే హ్యాటు లేకుండా నిలవవలసి వచ్చింది. మళ్లీ 2022లో పంజాబు ప్రభుత్వ కార్యాలయాలలో పెట్టించిన పసుపు తలపాగా పటంపై ఇదే చర్చ రేగింది. ఎవరి వాదన వారిది. సంప్రదాయాభిమానులకు తలపాగాలో తమ బిడ్డ కనిపిస్తాడు. హేతువాదులకు హ్యాటులో తమ సహచరుడు కనిపిస్తాడు. అధికారులకు మాత్రం ఒక చిన్న ప్రశ్న ప్రత్యేకంగా ఎదురవుతుంది: పాఠ్యపుస్తకంలోనో, కార్యాలయపు గోడమీదో పెట్టే బొమ్మ కింద అది ఛాయాచిత్రమో, చిత్రకారుని ఊహో రాయాలా, వద్దా? కాన్పూరు పటాన్ని చూసి ఎవరూ మోసపోలేదు. నునుపైన కాగితం మీద ఛాయాచిత్రంలా అచ్చయిన తలపాగా బొమ్మను చూసి మోసపోయే అవకాశం ఉంది. దిద్దుబాటులో తప్పు లేదు, దానిని మూలమని చెప్పుకోవడంలో ఉంది.

తెలుగు నేలకు ఈ చిక్కు అపరిచితం కాదు. 1924లో మన్యంలో నేలకొరిగిన అల్లూరి సీతారామరాజు రూపం అంటే నేడు మనకు తోచేది విల్లంబులు, కాషాయాంబరం, గడ్డం గల వీరమూర్తి. ఆ మూర్తిని తీర్చిదిద్దడంలో 1974 నాటి చలనచిత్రానికి ఉన్న పాత్ర పాత ఛాయాచిత్రాలకు లేదు. దూరదేశాలలోనూ ఇదే తంతు. క్యూబా విప్లవకారుడు చే గువేరాను 1960 మార్చి 5న ఆల్బర్టో కోర్డా తీసిన ఛాయాచిత్రంలో పక్కన మరొకరి ముఖం, ఒక చెట్టు కొమ్మలు ఉండేవి. వాటిని కత్తిరించిన తరువాత, 1968లో ఐర్లండు చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ దానిని నలుపు, ఎరుపు రంగులకు కుదించిన తరువాత గాని అది ప్రపంచమంతా పాకలేదు. అయితే ఒక భేదం ఉంది. తన బొమ్మ ఏమవుతుందో చే గువేరాకు ఆనాడు తెలియదు. భగత్‌సింగ్ తెలిసే కూర్చున్నాడు.

ఇటీవలి సంవత్సరాలలో కంప్యూటర్ల సహాయంతో ఈ నలుపు తెలుపు చిత్రానికి రంగులద్ది, కళ్లు మిటకరించేలా కదిలించి ఫోన్లలో పంచుకోవడం సామాన్యమయింది. చూడడానికి అబ్బురంగానే ఉంటుంది. కాని ఆ హ్యాటు బూడిద రంగుదో, గోధుమ రంగుదో ఛాయాచిత్రం చెప్పలేదు. ఆ కాలపు స్టూడియోలలో విరివిగా వాడిన పలకలు ఎరుపు రంగును సరిగా గ్రహించేవి కావు. వాటి మీద ఎరుపు నల్లగానూ, నీలం తెల్లగానూ పడేది. చర్మచ్ఛాయ కూడా ఉన్నదానికన్నా ముదురుగా కనిపించేది. బొమ్మలోని నలుపు తెలుపులను చూసి వర్ణాన్ని ఊహించడానికి యంత్రానికైనా ఆధారం అంతంతమాత్రమే. ఈ రంగుల ముఖం కూడా కాన్పూరు పటం వంటి కల్పనే. తేడా ఏమంటే దీనిని చేసినవారి పేరు ఎక్కడా ఉండదు. నాటి పటాల అడుగున చిత్రకారుని పేరు, ముద్రాపకుని విలాసం అచ్చయి ఉండేవి, పోలీసులు ఇంటికి వస్తారని తెలిసి కూడా.

1930 దశకంలో అచ్చయిన ఆ పటాలలో జనం ఇళ్లలో గోడలకెక్కినవి, పూలమాలల తేమకు, పొగకు, చెదలకు లోనై చాలావరకు నశించాయి. నేడు పరిశోధకులు చూడగలుగుతున్న ప్రతులలో ఎన్నో నిషేధాజ్ఞల కింద ప్రభుత్వం పట్టుకుపోయినవే. వాటిని కాల్చివేయకుండా, సంఖ్యలు వేసి, దస్త్రాలకు జతచేసి భద్రపరిచారు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ నిషిద్ధ సాహిత్య విభాగాలలో అవి ఉన్నాయి. గుమాస్తాల చేతిరాత అంచులలో చేరినా, మడతల దగ్గర రంగు రాలినా, అండాకారపు చట్రాలలో ఆ యువకుని తలమీద హ్యాటు ఇంకా కదలలేదు.